ఆరు చుక్కల్లో గురులఘువులు: ఒక తెలుగు మాస్టారి ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

చేయవలసిన పని ముందే రాసి పెట్టుకుంటున్నాను. ఎస్‌ఏ-1 పరీక్షల్లోగా (ఏడాది మధ్యలో వచ్చేవి) తొమ్మిదో తరగతి ఛందస్సు పాఠాన్ని, దానికి కావలసిన పద్యాలను బ్రెయిలీ లిపిలో నా చేత్తో తయారుచేయాలి. విద్యార్థిని బ్రెయిలీలో రాసిన జవాబులను, మధ్యలో ఎవరూ చదివి వినిపించకుండా, నేనే దిద్దాలి. ఈ రెండూ జరిగితే ప్రాజెక్టు ముగిసినట్టు. "బ్రెయిలీ నేర్చుకోవాలి" అని మాత్రం రాయడం లేదు. అలా రాసుకుంటే ఎక్కడికి వచ్చామో తెలియదు. ఫలానా పద్యం కాగితం మీద ఉందా లేదా అన్నది ఎవరైనా చూసి చెప్పగలరు.

ఈ ఏడాది మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతిలో చేరిన ఒక అమ్మాయికి పుట్టుక నుంచీ చూపు లేదు. ఇంతకుముందు పట్నంలో అంధ బాలికల ఆశ్రమ పాఠశాలలో చదివింది. ఇప్పుడు ఇంటి దగ్గర ఉండి చదువుకుంటానని సొంత ఊరికి వచ్చింది. బ్రెయిలీ ధారాళంగా చదువుతుంది, రాస్తుంది. మా బడిలో ఆ లిపి తెలిసినవారు ఒక్కరూ లేరు. ఆమె రాసింది మేము చదవలేము, మేము రాసింది ఆమెకు అందదు. మామూలు బడిలో చదువుకునే హక్కు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆమెకు ఇచ్చింది. ఆ హక్కు నల్లబల్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు చుక్కలు గుచ్చడం నేర్చుకోవలసిందే. తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి మొదటి వంతు నాదనుకున్నాను.

లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో అడిగారు: "ఫోనే చదివి వినిపిస్తుంది కదండీ, ఇంకా ఈ చుక్కలు ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. ఆ అమ్మాయి ఫోనులో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది, చాలా వేగంగా వాడుతుంది. కానీ యంత్రం గొంతులో "కల", "కళ" విని తేడా పట్టడం కష్టం. శ, ష, స సంగతి చెప్పనక్కరలేదు. పరీక్షలో సహాయకుడు రాసిపెట్టే ఏర్పాటు ఉంది, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలూ ఉన్నాయి. అయితే అక్కడ అక్షరదోషాలు సహాయకుడివి. ఆ పిల్లకు వర్ణక్రమం ఎంత వచ్చో ఎవరికీ తెలియకుండానే పదో తరగతి దాటిపోతుంది. ఇక ఛందస్సు అయితే అక్షరాన్ని పట్టుకుని చూడనిదే అర్థమయ్యే పాఠం కాదు.

ఆన్‌లైన్ శిక్షణ ఒకటి పూర్తిచేశాను. వీడియో చూశాను, కొన్ని ప్రశ్నలకు జవాబులు నొక్కాను, ధ్రువపత్రం వచ్చింది. కాగితం మీద ఒక్క చుక్క కూడా గుచ్చకుండానే. అది ఇంకా డౌన్‌లోడ్ చేసుకోలేదు.

జూలై, మొదటి వారం: సామగ్రి

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి వారానికొకసారి వచ్చే ఐఈఆర్‌పీ మేడం (అలాంటి పిల్లల చదువు చూసే ఉపాధ్యాయిని) ఒక బ్రెయిలీ స్లేటు, స్టైలస్, మందపాటి కాగితాల కట్ట తెచ్చి ఇచ్చారు. స్లేటు అంటే ఒక పలక, దాని మీద కిటికీల్లాంటి గళ్లున్న లోహపు పట్టీ. కాగితాన్ని మధ్యలో బిగించి, ఒక్కో గడిలో స్టైలస్ మొనతో గుచ్చాలి. స్టైలస్ చూడటానికి చెప్పులు కుట్టే ఆరెలా ఉంటుంది. లూయీ బ్రెయిలీకి మూడేళ్ల వయసులో, జీనులు కుట్టే తండ్రి దుకాణంలో అలాంటి పనిముట్టే కంట్లో గుచ్చుకుని చూపు పోయింది. 1824లో, పదిహేనేళ్ల కుర్రవాడిగా, అలాంటి మొనతోనే ఈ లిపిని ఒక కొలిక్కి తెచ్చాడు.

గడికి ఆరు చుక్కలు. ఎడమ నిలువు వరుసలో పై నుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ఏ చుక్కలు లేస్తాయన్న దాన్ని బట్టి 63 రూపాలు, ఖాళీ గడితో కలిపి 64. మన దేశ ప్రధాన భాషలకు ఇప్పుడున్న భారతి బ్రెయిలీ 1951లో వచ్చింది. అంతకుముందు ఒక్కోచోట ఒక్కో పద్ధతి. భారతి బ్రెయిలీలో "క" ఏ భాషలో రాసినా 1, 3 చుక్కలే. హిందీ బ్రెయిలీ తెలిసినవారు తెలుగు పేజీని అర్థం తెలియకపోయినా పైకి చదివేయగలరు. మన అచ్చులిపికి ఈ సౌకర్యం లేదు.

తెలుగు పండితుడిగా నాకు మొదట మింగుడుపడనిది గుణింతం లేకపోవడం. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం అంటూ పిల్లలకు నేర్పినవేవీ ఇక్కడ లేవు. "కి" రాయాలంటే క, ఆ తర్వాతి గడిలో ఇ. "కీ" అంటే క, ఆ తర్వాత ఈ. అక్షరం కింద ఒత్తు లేదు, అన్నీ ఒకే వరుసలో. సంయుక్తాక్షరం వస్తే ముందు 4వ చుక్క ఒక్కటే ఉన్న గడి రావాలి. "ఇక్కడ పొల్లు ఉంది" అని చెప్పే గుర్తు అది. "స్త్రీ" మామూలు రాతలో ఒక్క అక్షరం, బ్రెయిలీలో ఆరు గళ్లు: పొల్లు గుర్తు, స, మళ్లీ పొల్లు గుర్తు, త, ర, ఈ. సర్వీసులో సగానికి పైగా ఒత్తులు దిద్దడంలోనే గడిపిన మనిషికి, ఒత్తులే లేని తెలుగు కొంతసేపు తెలుగులా అనిపించలేదు.

జూలై, మూడో వారం: తిరగబడిన అక్షరాలు

స్లేటు మీద కుడి నుంచి ఎడమకు గుచ్చాలి. చుక్క కాగితం వెనక్కి పొడుచుకువస్తుంది. కాగితం తిప్పితే రాత ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. కాబట్టి ప్రతి గడినీ తిరగేసి గుచ్చాలి. చదివేటప్పుడు ఎడమవైపు ఉండే 1, 2, 3 చుక్కలు గుచ్చేటప్పుడు కుడివైపు ఉంటాయి.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. తెలుగులో దీనివల్ల ఏం జరుగుతుందో కూర్చుని పట్టిక వేసుకున్నాను. క తిరగబడితే ఖ. బ తిరగబడితే భ. ల తిరగబడితే ళ. న తిరగబడితే డ, మ తిరగబడితే శ, య తిరగబడితే ష, హ తిరగబడితే జ. ఇ తిరగబడితే ఏ అవుతుంది, ఈ తిరగబడితే ఎ. గ, చ, ఢ, ఒ లాంటి కొన్ని మాత్రమే ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి. "కల" అనుకుని గుచ్చింది చదివేసరికి "ఖళ" అవుతుంది. అన్నిటికంటే చిక్కు అ అక్షరంతో. అది 1వ చుక్క ఒక్కటే. తిరగబడితే 4వ చుక్క, అంటే పొల్లు గుర్తు. అచ్చు రావలసిన చోట పొల్లు వచ్చి పక్క అక్షరాన్ని సంయుక్తాక్షరంలోకి లాక్కుపోతుంది.

ఈ పట్టిక చూసుకుంటూ ప్రతి అక్షరాన్నీ మనసులో తిప్పి గుచ్చుతుంటే ఒక వాక్యానికి ఒక పీరియడు పట్టేది. నా పక్కన కూర్చుని స్టైలస్ చప్పుడు వింటున్న అమ్మాయి అడిగింది.

"సార్, మీరు తిప్పుకుంటున్నారా?"

"తిప్పుకోకపోతే ఎలా అమ్మా?"

"మేము తిప్పుకోము సార్. ఒకటీ రెండూ మూడూ అంటే మొదట వచ్చే వైపు. రాసేటప్పుడు కుడివైపు నుంచి వెళ్తాం కదా, అటు మొదట వస్తుంది. చదివేటప్పుడు ఎడమవైపు మొదట వస్తుంది. అంతే."

అంతే. ఎడమ, కుడి అన్న మాటలు కళ్లున్నవాడివి. ఆమెకు ఉన్నది ముందు, తర్వాత. ఆ రోజు నుంచి పట్టిక పక్కన పెట్టాను. న అంటే 1, 3, 4, 5. మొదటి వైపు పైనా కిందా, రెండో వైపు పైనా మధ్యా. చెయ్యి ఎటు నడుస్తుంటే అటే మొదటి వైపు. వేగం వెంటనే రాలేదు, తల తిరగడం మాత్రం తగ్గింది. ఈ ఒక్క మాట నేను చూసిన ఏ శిక్షణ వీడియోలోనూ లేదు. బహుశా వాటిని తయారుచేసినవారూ నాలాగే చూసి నేర్చుకున్నవారై ఉంటారు.

జూలై చివర: ఎక్కడ కూర్చుని నేర్చుకోవాలి

సాధన ఇంట్లో రాత్రిపూట చేసుకుని, బాగా వచ్చాక తరగతికి తీసుకువెళ్దామన్నది నా మొదటి ఆలోచన. పంతులు పిల్లల ముందు తడబడకూడదన్న పాత సంస్కారం. అది కుదరదని త్వరలోనే తేలింది. దీనికి గొప్ప కారణమేమీ లేదు, నేను గుచ్చిన దాన్ని వేలితో చదివి చెప్పే మనిషి మా ఇంట్లో లేదు. కంటికి అన్ని చుక్కలూ ఒకేలా కనిపిస్తాయి. వేలికి అలా ఒకేలా తగలవు. "సార్, ఈ వరుసలో చుక్కలు కొన్ని గట్టిగా, కొన్ని మెత్తగా ఉన్నాయి. మెత్తవి దాటిపోతున్నాను" అని ఆమె చెప్పాకే నా మణికట్టు వరుస చివరికి వచ్చేసరికి వాలిపోతోందని తెలిసింది. మరీ గట్టిగా నొక్కితే కాగితం చిల్లుపడుతుంది. చిల్లు పడిన చుక్క అంచు వేలికి గీరుకుంటుందట.

అందుకని లీజర్ పీరియడులో తొమ్మిదో తరగతిలోనే, ఆమె బెంచీ మీదే కూర్చోవడం మొదలుపెట్టాను. నలభై జతల కళ్ల ముందు ఒక్కో చుక్కా లెక్కపెట్టుకుంటూ రాయడం మొదట్లో మహా ఇబ్బంది. మగపిల్లలు వెనక నుంచి వంగి చూసేవారు. "సార్ ఒకటో తరగతిలో చేరారు" అని ఒకడు అన్నాడు, నిజమే కాబట్టి తిట్టడానికి వీల్లేకపోయింది.

దీని వల్ల అనుకోని పని ఒకటి జరిగింది. పాఠంలో ఎప్పుడూ నోరు విప్పని ఒక కుర్రాడు నా పక్కకు వచ్చి, మెల్లగా, "సార్, ఋత్వం ఎప్పుడు రాయాలి, క్రారవడి ఎప్పుడు రాయాలి?" అని అడిగాడు. ఆరో తరగతిలో తేలవలసిన సందేహం. తొమ్మిది దాకా మోసుకొచ్చాడు. కృ, క్ర రెండూ బ్రెయిలీలో గుచ్చి చూపించాను. క్ర అంటే ముందు 4వ చుక్క, తర్వాత క, ర. కృ అంటే క, తర్వాత 5వ చుక్క, ర. ఒకదానిలో గుర్తు హల్లుకు ముందుంది, పొల్లు చేయడానికి. రెండోదానిలో హల్లు తర్వాత ఉంది, అచ్చుగా. ఋ అచ్చు అన్న సంగతి వాడికి అప్పుడు పట్టుబడింది. మామూలు రాతలో రెండు గుర్తులూ అక్షరానికి కిందివైపే వేలాడుతుంటాయి కాబట్టి, ఒకటి అచ్చని, ఇంకొకటి హల్లని పిల్లలకు తోచకపోవడంలో వింతేమీ లేదు.

ఆగస్టు: ఎంతవరకు నేర్చుకుంటే చాలు

కళ్లు మూసుకుని వేలితో చదవడానికి ప్రయత్నించాను. ఆ అమ్మాయి రెండు చేతులతో చదువుతుంది. కుడి చూపుడువేలు వరుస చివర ఉండగానే ఎడమ చెయ్యి తర్వాతి వరుస మొదలును వెతికి పట్టుకుంటుంది. నా వేలికి గడి అంతా కలిసిపోయిన గరుకుదనమే తప్ప చుక్కలు విడివిడిగా తెలియలేదు. ఐఈఆర్‌పీ మేడం చూసి, "సార్, ఇది ఇప్పుడు వదిలేయండి. కళ్లతో చదివి దిద్దగలిగితే మీ పనికి చాలు. వేలితో చదవాలంటే వేరే సాధన, దానికి ఏళ్లు పెట్టాలి" అన్నారు.

ఆ సలహా నాకు నచ్చింది, కొంచెం కష్టమూ అనిపించింది. కొత్త విద్యలో దిగినవాడికి అంతా రావాలన్న దురాశ ఉంటుంది. నా ప్రాజెక్టులో వేలి చదువు లేదు. కాబట్టి ఆ భాగంలో నేను ఎప్పటికీ ఒకటో తరగతే. దీని ఫలితం ఒకటే: నేను తయారుచేసిన ప్రతి పేజీకీ చివరి ప్రూఫు ఆ అమ్మాయే చదవాలి. ఆమె సరేననేదాకా పేజీ పూర్తయినట్టు కాదు. ఇది మర్యాద కోసం ఇచ్చిన హోదా కాదు, ఆ పని చేయగలిగినది మా బడిలో ఆమె ఒక్కతే.

కళ్లతో చదవడానికి చిన్న ఉపాయం ఉంది. వెలుతురు పై నుంచి పడితే తెల్ల కాగితం మీద తెల్ల చుక్క కనిపించదు. కిటికీ పక్కన, వెలుగు అడ్డంగా పడేలా కాగితాన్ని వాల్చి పట్టుకుంటే ప్రతి చుక్కకూ చిన్న నీడ పడుతుంది. మా స్టాఫ్ రూములో పడమటి కిటికీ సాయంత్రం నాలుగు తర్వాత ఇందుకు బాగుంటుంది.

అంకెల దగ్గర ఒక సరదా ఉంది. అంకె రాయాలంటే ముందు 3, 4, 5, 6 చుక్కల గుర్తు పెట్టాలి, తర్వాతి అక్షరాలు అంకెలవుతాయి. ఆ గుర్తూ తెలుగు ణ అక్షరమూ ఒకటే. ణ, అ అంటే 1. ణ, బ అంటే 2. తెలుగులో ణతో మొదలయ్యే మాటలు వాడుకలో లేవు కాబట్టి తగాదా రాదు. ఆరు చుక్కలూ గుచ్చేస్తే అది ఢ. తప్పు పడిన గడిని ఆ అమ్మాయి ఆరు చుక్కలతో నింపి కొట్టేస్తుంది. "మరి ఢంకా రాయాల్సి వస్తే?" అని అడిగాను. "మాట ముందూ వెనకా చూసుకుంటే తెలిసిపోతుంది సార్, మీరు ఊరికే భయపడుతున్నారు" అంది.

సెప్టెంబరు: గురువు ముందే తెలిసిపోతోంది

ఇదివరకటి నెలల్లో నేర్చుకున్నదంతా ఈ నెలలో పనికొచ్చింది. కాస్త వివరంగా రాసుకుంటాను.

గురులఘువుల పాఠం ఏటా ఒకేలా చెబుతాను. దీర్ఘాలు గురువులు. సున్న, విసర్గ ఉన్నవి గురువులు. పొల్లు హల్లుతో కూడినవి గురువులు. సంయుక్తాక్షరానికీ ద్విత్వానికీ ముందున్నవి గురువులు. మిగిలినవి లఘువులు. ఏటా పిల్లలు తడబడేది సంయుక్తాక్షరం దగ్గరే. "అమ్మ"లో గురువు ఏది అంటే మ్మ అంటారు. ఒత్తు కనిపించేది మ్మ దగ్గర, బరువు పడేది అ మీద. కన్ను ఒక చోట, ఫలితం ఒక చోట.

ఆ అమ్మాయికి నియమాలు చెప్పి కొన్ని మాటలు గుచ్చి ఇచ్చాను. తడబాటు లేకుండా చెప్పుకుపోయింది. "అమ్మ" దగ్గర అ గురువు, మ లఘువు. "సత్యం" దగ్గర రెండూ గురువులు. ఎలా పట్టుకుంటున్నావని అడిగితే, "నాలుగో చుక్క తగలగానే వెనకది గురువు సార్" అంది.

కాగితం తీసుకుని చూశాను. నిజమే. "అమ్మ" బ్రెయిలీలో అ, పొల్లు గుర్తు, మ, మ. పొల్లు గుర్తు సరిగ్గా అ తర్వాతే వస్తుంది. సంయుక్తాక్షరం అసలు మొదలుకాకముందే, వెనకటి అక్షరం గురువైందని వేలికి కబురు అందుతుంది. మాట చివర పొల్లు వచ్చినా అంతే. "వచ్చెన్" అంటే వ, పొల్లు గుర్తు, చ, చ, ఎ, పొల్లు గుర్తు, న. రెండుసార్లు గుర్తు వచ్చింది, దాని వెనకున్న వ, చ్చె రెండూ గురువులే.

ఇంకాస్త ఆలోచిస్తే మిగతా నియమాలు కూడా అదే దారిలో ఉన్నాయి. దీర్ఘాచ్చు హల్లు తర్వాత వేరే గడిగా వస్తుంది. సున్న (5, 6 చుక్కలు) తర్వాత వస్తుంది. విసర్గ (6వ చుక్క) తర్వాత వస్తుంది. పొల్లు గుర్తూ తర్వాతే. అంటే గురువుకు కారణమేదైనా ఆ అక్షరం వెంటనే తగులుతుంది. మా పుస్తకంలో విడివిడిగా ఉన్న నియమాలు ఆ పిల్ల వేలి కింద ఒకే నియమం: అక్షరం తర్వాత ఏమీ లేకపోయినా, ఇ, ఉ, ఎ, ఒ, ఋ వంటి పొట్టి అచ్చే ఉన్నా లఘువు, ఇంకేదైనా వస్తే గురువు. ఇన్నేళ్లుగా చెబుతున్న పాఠాన్ని ఇటువైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు.

ఇక మినహాయింపులు వెతికాము. మొదటిది ఆమె పట్టుకుంది. "రక్ష" అన్న మాటకు "ర లఘువు" అని చెప్పేసి, నోటితో మళ్లీ పలికి, ఆగింది. క్షకు బ్రెయిలీలో సొంత గడి ఉంది, 1, 2, 3, 4, 5 చుక్కలు. జ్ఞకూ ఉంది, 1, 5, 6. ఈ రెండిటికీ పొల్లు గుర్తు రాదు. కాబట్టి "రక్ష", "యజ్ఞం" లాంటి మాటల్లో వేలికి కబురు రాదు, గుర్తుపెట్టుకోవలసిందే. రెండో మినహాయింపు నేను చెప్పాను. "మన ప్రజలు" అన్నప్పుడు ప్ర ముందు పొల్లు గుర్తు ఉంది కానీ దానికీ న అక్షరానికీ మధ్య ఖాళీ గడి ఉంది. విడి మాట కాబట్టి న లఘువుగానే ఉంటుంది. ఖాళీ దాటి వచ్చిన గుర్తు లెక్కలోకి రాదు. సమాసమైతే మాటలు కలిపి రాస్తాము, ఖాళీ ఉండదు, గురువు అవుతుంది. మూడోది "అద్రుచు" లాంటివి. అక్కడ ద్రు తేలికగా పలికితే ముందక్షరం లఘువుగానే నిలుస్తుంది. అది చెవితో తేల్చుకోవలసిన సంగతి, మామూలు లిపి చదివేవారికీ అంతే.

మర్నాడు ఈ పద్ధతినే మొత్తం తరగతికి చెప్పాను. నల్లబల్ల మీద మాటలను విడదీసి రాశాను: అ, మ్, మ. స, త్, య, ం. పొల్లు హల్లు ఎవరి తర్వాత నిలబడితే వారు గురువు. మ్మ దగ్గర గురువు పెట్టే అలవాటు ఆ పీరియడులోనే చాలామందికి వదిలింది. ఈ విడదీత పద్ధతి పాతదే, వ్యాకరణం తెలిసిన ఎవరికైనా తెలుసు. తరగతిలో అలా చెప్పాలని మాత్రం నాకు తోచలేదు.

దసరా సెలవులు: ఉత్పలమాల ఎలా పరచాలి

గురులఘువుల గుర్తులను పిల్లలు అక్షరాల నెత్తిన వేస్తారు. బ్రెయిలీలో ఇది కుదరదు. ఒక అక్షరం ఒక గడి, ఇంకొకటి ఆరు గళ్లు. పై వరుసలో గుర్తు ఏ గడికి చెందిందో వేలు పోల్చుకోలేదు. అందుకని గుర్తులను వేరే వరుసలో అక్షరాలుగానే రాయించాను: గురువుకు గ, లఘువుకు ల. భగణం గలల, రగణం గలగ, నగణం లలల. మన ఛందశ్శాస్త్రం లగము, గలము అంటూ ఎప్పటి నుంచో ఇలాగే పిలుస్తోంది కాబట్టి కొత్తగా ఏమీ కనిపెట్టినట్టు కాదు.

పెద్ద తలనొప్పి పాదం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. మా స్లేటు వరుసలో అన్ని గళ్లు పట్టవు. పట్టినంత రాసి మిగిలింది కింది వరుసలోకి దింపితే పద్యం వచనంలా అయిపోతుంది. చివరికి యతి దగ్గర విరిచాను. ఉత్పలమాలకు పదో అక్షరం యతిస్థానం. మొదటి తొమ్మిది అక్షరాలు ఒక వరుస, పదో అక్షరంతో కింది వరుస, రెండు గళ్లు లోపలికి. అప్పుడు పాదం మొదటి అక్షరమూ యతి అక్షరమూ ఎడమ అంచు దగ్గరే, దాదాపు ఒకదాని కింద ఒకటి వస్తాయి. రెండు వేళ్లు రెండు వరుసల మొదళ్ల మీద పెడితే యతి కుదిరిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. హల్లు ఒక గడి, అచ్చు ఇంకొక గడి కాబట్టి హల్లుకు మైత్రి, అచ్చుకు మైత్రి విడివిడిగా చూసుకోవచ్చు. ప్రాస కోసం పాదాల మొదటి వరుసలను దాటుకుంటూ దిగి, రెండో అక్షరాల హల్లులు పోల్చుకుంటే సరి.

నాకు ఈ అమరిక చాలా ముచ్చటేసింది. ఆమెకు సగమే నచ్చింది. "యతి చూడటానికి బాగుంది సార్. చదవడానికి బాగాలేదు. మాట మధ్యలో విరిగిపోతోంది." పెద్ద సమాసాలున్న పద్యంలో పదో అక్షరం మాట నడుమే పడుతుంది, తప్పదు. పద్యాన్ని పద్యంగా అనుభవించే పిల్లకు విరిగిన మాట అడ్డమే. అందుకని ప్రతి పద్యానికీ రెండు ప్రతులు చేయాలని నిర్ణయించాను, చదువుకోవడానికి మాటలు విరగని ప్రతి, గణవిభజనకు యతి ప్రతి. పని రెట్టింపైంది. దసరా అంతా ఇందులోనే పోయింది. ఇంట్లోవాళ్లకు స్టైలస్ టక్‌టక్ అలవాటైపోయింది.

ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి కూడా ఇక్కడే రాస్తాను. లిబ్‌లూయీ అని ఉంది, దానిలో తెలుగు బ్రెయిలీ పట్టిక కూడా ఉంది. మామూలు తెలుగులో టైపు చేసిన పద్యాన్ని చుక్కల్లోకి మార్చి తెర మీద చూపిస్తుంది. నేను గుచ్చిన ప్రతిని దానితో సరిచూసుకుంటున్నాను. బ్రెయిలీ ప్రింటరు ఉన్న చోట అయితే చేతిపనే అక్కరలేదు. వాచకాలు అలా రావలసిందే, పంతుళ్లు గుచ్చి పుస్తకాలు తయారుచేయాలనడం అన్యాయం. కానీ ఈ రోజు పాఠంలో పుట్టిన ప్రశ్న ఈ రోజే ఆమె చేతికి అందాలంటే ప్రింటరు పనికిరాదు, స్లేటు కావాలి.

నవంబరు: దిద్దడం

పరీక్ష అయింది. ఛందస్సు ప్రశ్నలకు ఆమె బ్రెయిలీలోనే రాసింది. పడమటి కిటికీ దగ్గర కూర్చుని నేనే చదివాను. నిదానంగానే, కానీ ఎవరినీ అడగకుండా. మొదట చదివేటప్పుడు అర్థంకాని గడి వస్తే నా చదువునే అనుమానించాలన్న నియమం పెట్టుకున్నాను. చాలాచోట్ల అనుమానం సరైనదే అయింది. కొన్నిచోట్ల నిజంగానే ఆమె శ, ష తారుమారు చేసింది. ఇన్నేళ్లు విని రాసుకున్న నోట్సుల ఫలితం అది. ఇప్పుడు కనీసం ఏ మాటల్లో తేడా వస్తోందో నాకు తెలిసింది, వాటిని విడిగా ఒక పేజీలో గుచ్చి ఇచ్చాను.

దిద్దిన తర్వాత ఇంకొక ప్రశ్న. ఎర్ర సిరా ఆమెకు అందదు. సున్న చుట్టి, గీత గీసి ఇచ్చినా అది ఆమెకు ఖాళీ కాగితమే. చుక్కల మీద మళ్లీ గుచ్చితే జవాబు పాడవుతుంది. వేరే చీటీ మీద వరుస సంఖ్య, ఆ వరుసలో తప్పిన మాట, దాని సరైన రూపం గుచ్చి జవాబు కాగితానికి జతచేశాను. మార్కులు కూడా ణ గుర్తుతో ఆ చీటీ మీదే. మిగతా పిల్లలకు కాగితాలు ఇచ్చేటప్పుడు నేను పైకి చదివే వ్యాఖ్యలు ఆమెకు కూడా చెవిన పడేవి తప్ప చేతికి వచ్చేవి కావు. ఈసారి చీటీ చదువుకుని, ఒక మార్కు తక్కువ వేశానని వాదానికి వచ్చింది. "యజ్ఞం" దగ్గర ఆమె గణవిభజన సరిగానే ఉంది, నేను చూసిన గడి పక్క వరుసది. మార్కు కలిపాను.

బ్రెయిలీ పేజీల మీద, చుక్కలకు తగలకుండా వరుసల మధ్య పెన్సిలుతో మామూలు తెలుగు కూడా రాస్తున్నాను. ఇది ఆమె అడిగింది. ఇంటికి తీసుకువెళితే వాళ్ల తమ్ముడు, నాన్న పక్కన కూర్చుని చూస్తారట, ఆమె ఎక్కడ చదువుతోందో వాళ్లకు తెలియాలట.

నవంబరు చివర: మిగిలినవి

ఛందస్సు ప్రతులు పూర్తి. చంపకమాలకు యతి పదకొండో అక్షరం కాబట్టి మొదటి వరుస కొంచెం పొడుగైంది, మిగతాదంతా ఉత్పలమాల పద్ధతే. అలంకారాల పాఠం ఇంకా మొదలుపెట్టలేదు. నా వేగం ఇప్పటికీ ఆమె వేగంలో సగం ఉండదు. చుక్కలు సమంగా పడుతున్నాయని మాత్రం ఈ మధ్య మెచ్చుకుంది. సైన్సు బొమ్మలు ఎలా అన్నది నాకు తెలియని విషయం, దాని గురించి సైన్సు మేడం ఐఈఆర్‌పీ మేడంతో మాట్లాడుతున్నారు.

లెక్కల మాస్టారు మొన్న వచ్చి టేలర్ ఫ్రేమ్ సంగతి అడిగారు. అంధ విద్యార్థులు లెక్కలు చేసే చట్రం అది. ఎనిమిది మూలల రంధ్రాల్లో చిన్న లోహపు అచ్చులు దిగుతాయి. ఒక్కో అచ్చును ఎనిమిది దిక్కులకు తిప్పవచ్చు, రెండో కొసను పైకి పెడితే ఇంకో ఎనిమిది, మొత్తం పదహారు గుర్తులు. ఆ అమ్మాయి పాత బడిలో వాడింది, బాగా వచ్చు. "నేను ముందు ఇంట్లో నేర్చుకుని వస్తానండీ" అన్నారు మాస్టారు. ఆయనను తొమ్మిదో తరగతికి తీసుకువెళ్లి ఆమె పక్కన కూర్చోబెట్టాను. చట్రం కోసం మండల కేంద్రానికి ఇండెంట్ పంపాము. అచ్చులు చట్రంతో పాటు రావట, విడిగా అడగాలని ఐఈఆర్‌పీ మేడం చెబితే, వాటిని కూడా కింద చేర్చి సంతకం చేయించాను.